అక్టోబరు పాస్

నాకు దెయ్యాల సినిమాలు చిన్నప్పటి నుంచీ పడవు. నెల్లూరులో మా వీధి చివరి హాల్లో అలాంటి సినిమా ఆడితే మా అన్నలు లోపలికి వెళ్ళేవాళ్ళు. నేను బయట బండి దగ్గర ఉడకబెట్టిన శనక్కాయలు తింటూ ఇంటర్వెల్ కోసం చూసేవాణ్ణి. అలాంటివాడికి దుబాయ్‌లో సినిమా హాల్లోనే ఉద్యోగం దొరికింది.

దానికి ముందు అజ్మాన్‌లో ఒక కెఫెటేరియాలో పరోటాలు వేసేవాణ్ణి. 2020లో కరోనా వచ్చినప్పుడు మా బిల్డింగులో ఒకరికి జ్వరమని తెలిసి, కంపెనీ వాళ్ళు కింద గేటుకు తాళం వేశారు. మా గదిలో మంచం మీద మంచం. ఉన్న ఒక్క కిటికీ ఆకాశంలోకి తెరుచుకోదు, బిల్డింగు మధ్యలో బాత్రూం పైపులు దిగే సందులోకి తెరుచుకుంటుంది. కడప నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా పై మంచం మీద పడుకుని దగ్గేవాడు. ఆయన దగ్గిన ప్రతిసారీ మంచం ఊగేది, నా గుండె ఊగేది. గేటు దగ్గర ఎవరో అన్నం పొట్లాలు పెట్టి వెళ్ళేవాళ్ళు. నేను తలుపు కింద సందులో చెయ్యి పెట్టి, గాలి తగులుతోందా లేదా అని చూసుకుంటూ ఉండేవాణ్ణి. తగులుతున్నా నమ్మకం ఉండేది కాదు.

పెద్దాయన బతికాడు. అందరం బతికాం. కెఫెటేరియా మాత్రం మూతబడింది. నాకు ఆ రోజుల తర్వాత ఒక జబ్బు మిగిలింది. మూసిన తలుపు చూస్తే చెమటలు పడతాయి. లిఫ్టు ఎక్కను. బాత్రూం తలుపు గొళ్ళెం పెట్టను, రూమ్మేట్లు ఎన్ని జోకులు వేసినా సరే. దీనికి డాక్టర్ల దగ్గర ఏదో పేరు ఉంటుందని తెలుసు. నేను వెళ్ళి అడగలేదు. మెడికల్ రిపోర్టులో అలాంటిది కనబడితే వీసా కొట్టరని ఎవరో చెప్పారు. అది నిజమో కాదో కూడా కనుక్కోలేదు.

హాల్లో ఉద్యోగం ఉందని ఒక స్నేహితుడు చెబితే, సినిమా హాలంటే పెద్దగా ఉంటుంది, కప్పు ఎత్తుగా ఉంటుంది, ఊపిరాడుతుంది అనుకున్నాను. ఆ మాల్ దుబాయ్ వైపు అల్ నహ్దాలో ఉంది. నేను షార్జా వైపు అల్ నహ్దాలో ఉండేవాణ్ణి. పొద్దున్నే రోడ్డు దాటి నడిచి వెళ్ళిపోవచ్చు. పని కూడా కష్టం కాదు. టికెట్ చూసి సీటు చూపించడం, షో అయ్యాక కింద పడిన పాప్‌కార్న్ ఊడ్వడం, కొన్ని షోలకు చివరి వరసలో కూర్చుని ఎవరూ ఫోన్‌తో సినిమా రికార్డు చెయ్యకుండా కాపలా కాయడం. ఫైట్లూ పాటలూ ఉన్న సినిమాలకు ఆ కాపలా హాయిగానే ఉండేది.

2024 అక్టోబరులో మా ముదీర్‌కి ఒక ఆలోచన వచ్చింది. ముదీర్ అంటే మేనేజరు. ఆయన సిరియా నుంచి వచ్చినవాడు. హాల్లో పనిచేసే మా అందరిలో నిజంగా సినిమా పిచ్చి ఉన్నది ఆయనొక్కడికే. దెయ్యాల వేషాలు వేసే హాలోవీన్ పండగ ఉన్న ఆ నెలంతా ఒక చిన్న స్క్రీను ఖాళీగా ఉంచి, అందులో వింత సినిమాలు మాత్రమే వేస్తానన్నాడు. కొన్ని కొత్తవి, కొన్ని ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ వస్తున్నవి. నెలంతా ఏ షోకైనా రావడానికి ఒక పాస్ పెట్టాడు.

"దెయ్యాలా సార్?" అని అడిగాను.

"దెయ్యాలు కాదు. కలలు," అన్నాడు. "మెలకువలో ఉండి చూసే కలలు. నీకు నచ్చుతాయి చూడు."

నిచ్చెనెక్కి నేనే ఆ హాలు గుమ్మానికి దూదితో చేసిన సాలెగూళ్ళు అంటించాను. ప్లాస్టిక్ గుమ్మడికాయలకు కళ్ళు తుడిచి పెట్టాను. ఆ స్క్రీనుకు కాపలా కూడా నాకే పడింది.

అందులో ఒక పాత నలుపు తెలుపు సినిమా ఉండేది. మాటలు దాదాపు లేవు. ఒకావిడ మిద్దె మీద బట్టలు ఆరేస్తుంది. గాలికి చొక్కాలు ఉబ్బుతాయి. గాలి ఆగిపోయినా చొక్కాలు అలాగే ఉబ్బి ఉంటాయి. పొద్దు వాలేసరికి అవి తీగ మీద నుంచి దిగి, మెట్లు దిగి, వంటింట్లో వరసగా కూర్చుంటాయి. లోపల మనుషులు ఉండరు, చొక్కాలే. ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా అన్నిటికీ కంచాలు పెట్టి వడ్డిస్తుంది. ఇంకొక సినిమాలో ఒక ఊరి నుంచి సముద్రం వెనక్కి వెళ్ళిపోతుంది. మిగిలిపోయిన చేపలు కోట్లు తొడుక్కుని ఇళ్ళు అద్దెకు అడుగుతూ వీధులన్నీ తిరుగుతాయి. ఏ ఇంటివాళ్ళూ ఇవ్వరు. అది చూసినప్పుడు నేనూ నవ్వాను. షార్జాలో బ్యాచిలర్లు ఇల్లు వెతుక్కున్నా అదే సంగతి కదా.

అసలు చిక్కు కొత్త సినిమాతో వచ్చింది. అందులో ఒకాయన ఆఫీసు నుంచి వచ్చి లిఫ్టు ఎక్కుతాడు. తన అంతస్తులో దిగి ఇంట్లోకి వెళ్తే, భార్య కొంచెం ముసలిదై ఉంటుంది. పొరపాటున వేరే అంతస్తులో దిగానని మళ్ళీ లిఫ్టు ఎక్కుతాడు. ఇంకొక అంతస్తు, అదే ఇల్లు, భార్య ఇంకొంచెం ముసలిది. ఎక్కడ దిగినా ఆయన ఇల్లే. వీధిలోకి పోదామని కిందకి నొక్కితే కింద కూడా ఆయన ఇల్లే. ఆ తర్వాత లిఫ్టు తలుపులు తెరుచుకోవడం మానేస్తాయి. కెమెరా ఆయనతో పాటు లోపలే ఉండిపోతుంది. సినిమాలో సగం అంతే.

మొదటి రోజు బయటికి వచ్చి నీళ్ళు తాగి సర్దుకున్నాను. రెండో రోజు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కానీ చప్పుడు ఉంటుంది కదా. ఆ లిఫ్టు లోపల ఫ్యాను తిరిగే చప్పుడు హాలంతా వినిపించేది.

ఆ మధ్యాహ్నం షోలకు జనం ఉండేవాళ్ళు కాదు. ఒకామె మాత్రం రోజూ వచ్చేది. నలభై దాటి ఉంటాయి. పంజాబీ డ్రెస్సు, తల మీదుగా చున్నీ, పక్కన గుడ్డ సంచి. బయటికి పోయే తలుపు పక్క సీట్లోనే కూర్చునేది. సినిమా మొదలయ్యేలోపే నిద్రపోయేది. షో అయ్యాక లేపితే బాత్రూంకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి, తర్వాతి షోకి మళ్ళీ అదే సీట్లో కూర్చునేది. పాస్ ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఆ సినిమాలను అంత ఇష్టంగా చూడ్డానికి వచ్చి నిద్రపోయే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

ఒక రోజు లిఫ్టు సినిమాకు హాల్లో నేనూ ఆమే. తలుపులు తెరుచుకోవడం మానేసిన చోట నా చేతులు చల్లబడ్డాయి. లేచి బయటికి వెళ్దామంటే కాళ్ళు కదల్లేదు. చీకట్లో హాలు గోడలు దగ్గరికి వచ్చినట్టయింది. ఊపిరి లోపలికి వెళ్తోంది కానీ ఎక్కడా ఆగడం లేదు. నాకు పోయే కాలం వచ్చిందనే అనుకున్నాను. నిజంగా.

ఎవరో నా భుజం పట్టుకున్నారు. "క్యా హువా భాయ్?" అని వినబడింది.

"తలుపు," అన్నాను. "తలుపు తియ్యండి. తలుపు తియ్యండి."

"ఓరి నాయనో, తెలుగోడివా!" అంది ఆమె. అని ఇంకేమీ అడగలేదు. నా చంకల కింద చేతులు వేసి లేపింది. తెర పక్కనున్న ఎగ్జిట్ తలుపు కమ్మీని తుంటితో నెట్టి, నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ సిమెంటు మెట్ల మీద కూర్చోబెట్టి, తలుపు మూసుకోకుండా తన సంచి అడ్డం పెట్టింది.

"తల కిందకెట్టుకో. ఆయ్, అలాగ. ఏం మాట్లాడకు. నేను మాట్లాడతాను, నువ్వు ఇను."

ఏదేదో మాట్లాడింది. ఆ పొద్దున తను తుడిచిన ఇంట్లో పిల్లాడు పాలు ఒలకబోసిన సంగతి, అమలాపురం బస్టాండు దగ్గర దొరికే బజ్జీల సంగతి. నేను సగం విన్నాను. ఆ గొంతు పట్టుకుని పైకి వచ్చినట్టు ఉంది నాకు. కాసేపటికి చెమట ఆరింది.

"ముదీర్‌కి చెప్పొద్దక్కా," అన్నాను మొదటి మాటగా.

"నేనెవరికి చెప్తాను తమ్ముడూ. నేనిక్కడున్నట్టే ఎవరికీ తెలీకూడదు," అంది.

అప్పుడు చెప్పింది తన సంగతి. ఆమెది కోనసీమ. దుబాయ్‌లో ఒక విల్లాలో ఇంటి పనికి వచ్చింది. 2020లో ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉండిపోయినప్పుడు ఆమె పని రెట్టింపయింది. వాషింగ్ మెషీన్ ఉన్న స్టోరు గదిలోనే పడక. కాంట్రాక్టు అయిపోయింది కానీ విమానాలు లేవు. విమానాలు మొదలయ్యాక కూడా కఫీల్ (వీసా తీసిన యజమాని) భార్య పంపలేదు. వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఉండేదట. పాస్‌పోర్టు వాళ్ళ అల్మారాలో ఉంది. ఫోను శుక్రవారం కాసేపు ఇచ్చి తీసేసుకునేవారు.

"ఓ రోజు చెత్త పారేద్దామని బయటికొచ్చాను. గేటు తీసే ఉంది. రోడ్డు మీద ఎవరూ లేరు. చెత్త సంచి డబ్బాలో ఏసి నడిచేశాను తమ్ముడూ. కాళ్ళకి ఇంట్లో ఏసుకునే చెప్పులు. అనుకుని చేసిన పని కాదు."

అప్పటి నుంచి అల్ నహ్దాలో గోదావరి జిల్లాల ఆడవాళ్ళ గదిలో ఉంటోంది. పొద్దున్న ఫ్లాట్లలో పార్ట్‌టైం పని. కఫీల్ ఆమె పారిపోయిందని కేసు పెట్టాడు. వీసా లేదు, కార్డు లేదు, పాస్‌పోర్టు లేదు. ఆ గదిలో ఆమెది సగం మంచం. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఇంకొకామె మధ్యాహ్నం నుంచి అదే మంచం మీద పడుకుంటుంది. ఆ వేళ ఈమె బయట ఉండాలి. ఎండలో తిరగలేదు. మాల్‌లో ఊరికే కూర్చుంటే సెక్యూరిటీ చూస్తాడని భయం. పనిచేసే ఫ్లాట్‌లో తెలుగు మేడమ్‌కి ఎవరో ఈ అక్టోబరు పాస్ కానుకగా ఇచ్చారట. ఇలాంటి సినిమాలు నాకెందుకని ఆ మేడమ్ ఈమెకి ఇచ్చేసింది.

"సినిమా కోసం కాదయ్యా. కుర్చీ కోసం," అంది. "మెత్తగా ఉంటాది. సల్లగా ఉంటాది. చీకట్లో ఎవరూ మొకం చూడరు."

తర్వాతి రోజు నుంచి మా మధ్య ఒక ఏర్పాటు జరిగింది. లిఫ్టు సినిమాలో ఆ భాగం వచ్చేసరికి నేను వెళ్ళి హాలు గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. "ఫోన్లు ఎవరు తీస్తారో నేను చూస్తాలే," అనేది. చూసేది కూడా. ఒకసారి ఒక కుర్రజంట సెల్ఫీ తీసుకుంటుంటే వెనక నుంచి గట్టిగా దగ్గి ఫోను లోపల పెట్టించింది.

నిద్ర తీరాక ఆమె సినిమాలు చూడటం మొదలుపెట్టింది. షోకీ షోకీ మధ్య నేను ఊడుస్తుంటే కాళ్ళు పైకి పెట్టుకుని వాటి గురించి మాట్లాడేది. చేపల సినిమా ఆమెకు నచ్చలేదు. "చేపలకి కోట్లేంటి, ఖర్మ కాకపోతే," అంది. చొక్కాల సినిమా వేసిన రోజు మాత్రం చివరిదాకా కన్నార్పలేదు.

"ఆ బట్టలావిడ నాకు బాగా తెలిసినట్టుంది తమ్ముడూ. ఎవరొచ్చారని అడగదు, ఎందుకొచ్చారని అడగదు. పెడతానే ఉంటాది. ఆ ఇంట్లో నేనూ అంతే. వాళ్ళు చొక్కాలో, నేను చొక్కానో తెలిసేది కాదు."

ఇంగ్లీషు అక్షరాలు రాని మనిషికి ఆ సినిమా అంతగా ఎలా పట్టుకుందని నేను ఆశ్చర్యపోలేదు. దానిలో చదవాల్సింది ఏమీ లేదు. నాకూ ఆ మాటే మనసులో తిరిగింది. గేటుకు తాళం వేసిన రోజుల్లో మేం కూడా మంచాల మీద పరిచిన బట్టల్లాగే ఉండేవాళ్ళం.

ఆ ఏడాది ఇక్కడి సర్కారు క్షమాభిక్ష ప్రకటించింది. వీసా లేకుండా ఉండిపోయినవాళ్ళు వచ్చి చెప్పుకుంటే, జరిమానా లేకుండా, మళ్ళీ రాకుండా నిషేధం కూడా లేకుండా ఇంటికి పంపిస్తామన్నారు. సెప్టెంబరులో మొదలైంది, అక్టోబరు చివరితో ఆఖరు. మా కెఫెటేరియాలో పాత్రలు కడిగిన అతను అలాగే వెళ్ళిపోయాడు. అదే చెప్పాను ఆమెకు.

"తెలుసు," అంది. "గదిలో అందరూ అంటన్నారు. నేనెళ్ళను."

"ఎందుకక్కా?"

"వేలిముద్ర ఎయ్యాలంట. వెయ్యగానే నా కేసు కనబడతాది. అక్కడే లోపలేసేస్తే? తలుపు బయట నుంచి ఏసేస్తే?"

తలుపు మాట వచ్చాక నేను ఆమెతో వాదించలేకపోయాను. ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆమె కొడుకు పదో తరగతిలో ఉండగా వచ్చిందట. ఆమె అక్క దగ్గర పెరుగుతున్నాడు. ఇప్పుడు ఫోన్‌లో వాడి గొంతు వింటే ఎవరో మగవాడు మాట్లాడినట్టుందని, ఒక్కోసారి తడబడి "అండి" అనేస్తున్నానని చెప్పి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

నెల అయిపోవస్తోంది. గడువూ అయిపోవస్తోంది, ఆమె పాసూ అయిపోవస్తోంది. రోజూ అడుగుతూనే ఉన్నాను. రోజూ రేపు చూద్దాం అనేది.

అలా ఉండగా ముదీర్ నన్ను పిలిచాడు. పాస్‌లు చేతులు మారుతున్నాయని పై ఆఫీసు నుంచి కబురొచ్చిందట.

"తలుపు పక్కన కూర్చునే ఆమె ఉందే, రోజూ వస్తుంది. నాకు సంతోషమే. కానీ పాస్ మీద పేరు ఆమెదేనా? ఐడీ అడుగు. లేకపోతే సెక్యూరిటీకి చెప్పు."

"ఇప్పుడా సార్?"

"షో నడుస్తోంది కదా, అయ్యాక అడుగు. యల్లా, వెళ్ళు."

ఆయన తప్పేమీ లేదు. ఆయన పని ఆయనది. నేను హాల్లోకి వెళ్ళేసరికి తెర మీద అదే లిఫ్టు, అదే ఫ్యాను చప్పుడు. ఈసారి నా ఒంటి గురించి నాకు గుర్తు రాలేదు. వెళ్ళి ఆమె పక్కన కూర్చుని చెవిలో చెప్పాను. ఆమె ఒక్కసారిగా లేచింది. సంచి కింద పడి అందులోని స్టీలు డబ్బా దొర్లింది.

"పరిగెత్తొద్దు," అన్నాను. "పరిగెత్తితే చూస్తారు. నాతో రా."

ఆ రోజు నన్ను తీసుకెళ్ళిన ఎగ్జిట్ తలుపు గుండానే బయటికి వచ్చాం. మెట్లు దిగితే పార్కింగ్. మధ్యాహ్నం వేడికి కార్ల మీద గాలి అలలు అలలుగా ఆడుతోంది. ఆమె ఒక స్తంభం వెనక నిలబడి అటూ ఇటూ చూసింది. సాయంత్రం దాకా గదికి వెళ్ళడానికి లేదు. హాల్లోకి ఇంక రావడానికీ లేదు.

"ఆ లిఫ్టు ఆయన," అంది చివరికి, "పైకీ కిందకీ తిరుగుతాడు తప్ప ఒక్క మనిషినీ అడగడు. పెళ్ళాన్ని కూడా అడగడు. చూసినప్పుడల్లా ఎంత చిరాకో నాకు." కొంచెం ఆగి, "నీకు సెలవెప్పుడు?" అని అడిగింది.

"రేపే."

"అయితే రేపెళ్దాం. రేపు కూడా రానంటే నువ్వు లాక్కెళ్ళిపో."

నేను పైకి వెళ్ళి, ఆమె మధ్యలోనే వెళ్ళిపోయింది, ఇంక రాదనుకుంటా అని ముదీర్‌కి చెప్పాను. ఆయన నా ముఖం చూశాడు. "ఖలాస్," అని కంప్యూటరు వైపు తిరిగాడు.

ఆమె పాత వీసా దుబాయ్‌ది కాబట్టి అల్ అవీర్‌లోని ఇమ్మిగ్రేషన్ కేంద్రానికి వెళ్ళాలి. తెల్లవారగానే బయల్దేరాం. అక్కడ పెద్ద పెద్ద టెంట్లు, లోపల చల్లగా ఏసీలు, ఆడవాళ్ళకు వేరే వరస. చంకలో పిల్లలున్నవాళ్ళు, ఏళ్ళ తరబడి కూలి చేసి నడుం వంగినవాళ్ళు, అన్ని భాషలవాళ్ళూ ఉన్నారు. టెంటు గుమ్మం దగ్గర ఆమె ఆగిపోయింది. అది తెరే కానీ తలుపు కాదు. అయినా ఆగిపోయింది.

"నేను ఇక్కడే ఉంటాను," అన్నాను. "కనబడుతూ ఉంటాను. నువ్వెప్పుడు తిరిగి చూసినా ఇక్కడే ఉంటాను."

లోపలికి వెళ్ళింది. వరస కదిలినప్పుడల్లా తిరిగి చూసేది. నేను చెయ్యి ఊపేవాణ్ణి. చాలాసేపటి తర్వాత బయటికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమన్నారు?"

"బాగానే మాట్లాడేరు. ఒకమ్మాయి నీళ్ళు కూడా ఇచ్చింది. కానీ పాస్‌పోర్టు లేకపోతే అవదంట. మన కాన్సులేట్ నుంచి ఔట్‌పాస్ అని, పాస్‌పోర్టు బదులు ఇచ్చే కాగితం తెచ్చుకోవాలంట."

ఆ మధ్యాహ్నమే వెళ్ళి ఔట్‌పాస్‌కి దరఖాస్తు ఇచ్చాం. ఆమె పాత పాస్‌పోర్టు జిరాక్సును వాళ్ళక్క వాట్సాప్‌లో పంపింది. అది చేతికి రావడానికి రోజులు పడుతుందన్నారు. గడువు చూస్తే ఆ వారంలోనే అయిపోతుంది. తిరుగు బస్సులో ఆమె కిటికీకి తల ఆనించి కూర్చుంది. ధైర్యం చేసి తలుపు దాకా వెళ్ళాక తలుపు మూసేస్తున్నట్టుంది మా ఇద్దరికీ.

హాలోవీన్ రోజే గడువుకి ఆఖరి రోజు. మా హాల్లో పనివాళ్ళందరికీ ముఖాల మీద రంగులు వేయించారు. నాకు ఎముకల గూడు వచ్చింది. కళ్ళ చుట్టూ నల్లటి గుంటలు, పెదాల మీద పళ్ళు గీశారు. మంత్రగత్తె టోపీలు పెట్టుకున్న పిల్లలు నాతో ఫోటోలు దిగుతుంటే నా మనసు మనసులో లేదు. పళ్ళు గీసి ఉన్నాయి కాబట్టి నవ్వాల్సిన పని మాత్రం తప్పింది. ఆమె ఆ వేళ అల్ నహ్దా పార్కులో చెట్టు కింద బెంచీ మీద ఉంటానంది.

మధ్యాహ్నం విరామంలో ఫోను తీస్తే రూమ్మేటు మెసేజి పెట్టాడు. గడువు పెంచారు. ఏడాది చివరిదాకా పెంచారు. నమ్మలేదు. వార్తల్లో చూశాను, ఇంకొక చోట చూశాను. తర్వాత ముఖం కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేకుండా పరిగెత్తాను. పట్టపగలు, యూనిఫాం మీద, ఎముకల ముఖంతో. దారిలో ఒక పాకిస్తానీ టాక్సీ డ్రైవరు హారన్ కొట్టి మరీ నవ్వాడు.

ఆమె నన్ను చూసి బెంచీ మీద నుంచి లేచి వెనక్కి రెండడుగులు వేసింది.

"అక్కా, నేనే! గడువు పెంచేరు! ఏడాది చివరిదాకా పెంచేరు!"

ఆమె యాసలో చెప్పానని తర్వాత తెలిసింది. ఆమె నా రంగు ముఖాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత బెంచీ మీద కూలబడి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. ఏడుపులోకి పోయి మళ్ళీ నవ్వులోకి వచ్చింది. పక్క బెంచీ మీది ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు లేచి వచ్చి నీళ్ళ సీసా ఇచ్చారు. నేనామెను భయపెట్టానని వాళ్ళు నన్ను తిట్టారు కూడా.

ఔట్‌పాస్ వచ్చింది. అవీర్‌కి రెండోసారి ఆమె ఒక్కతే వెళ్ళింది. నాకు సెలవు దొరకలేదు. వేలిముద్ర వేశాక ఆఫీసరు తెర మీద చూస్తున్నంతసేపూ నిలబడే ఉందట, కుర్చీ చూపించినా కూర్చోలేదట. కేసు కనబడింది. తీసేశారు. వెళ్ళిపోవడానికి కాగితం చేతికిచ్చారు.

విమానం రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఇమ్మిగ్రేషన్ దాటాక ఫోన్ చేసింది. నేను స్టోరు గదిలోకి వెళ్ళి మాట్లాడాను, తలుపు కాలితో ఆపి పెట్టుకుని.

"దాటేశాను తమ్ముడూ."

"ఏమడిగారక్కా?"

"ఏం అడగలేదు. ముద్ర కొట్టి, ఎల్లమని చెయ్యి చూపించేడు. నేనే ఎల్లలేదు. అలాగే నించుంటే మళ్ళీ చూపించేడు." వెనక ఏవేవో ప్రకటనలు వినబడుతున్నాయి. "ఇక్కడ అన్నీ గాజు గోడలే. విమానాలు కనబడతన్నాయి. అక్కడ దిగాక మళ్ళీ రైలు. నా కొడుకు రాజమండ్రి స్టేషన్‌కి వస్తాడంట. గుర్తు పడతానంటావా?"

"వాడు పడతాడు లే," అన్నాను.

ఇప్పుడామె రావులపాలెంలో వాళ్ళక్కతో కలిసి టిఫిన్ బండి నడుపుతోంది. అప్పుడప్పుడూ శుక్రవారం ఫోన్ చేస్తుంది. కొడుకు ఒకసారి సినిమాకు తీసుకెళ్తానంటే, నా జీవితానికి సరిపడా చూసేశాను, నువ్వు పో అందట.

ఆమె వెళ్ళిన కొన్నాళ్ళకు నేను ముదీర్ దగ్గరికి వెళ్ళి, కొన్ని సినిమాలకు లోపల కూర్చోలేనని చెప్పాను. కారణం కూడా చెప్పాను. తలుపులు, అజ్మాన్, అన్నీ. వీసా పోతే పోనీ అనుకునే చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి విన్నాడు. తన ఊళ్ళో ఒక నేలమాళిగలో కొన్ని వారాలు ఉన్నానని, ఇప్పటికీ కిటికీ లేని గదిలో నిద్రపోలేనని చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు. నేనూ అడగలేదు. మర్నాటి నుంచి నాకు టికెట్లు చూసే గేటు దగ్గర డ్యూటీ వేశాడు. అక్కడి నుంచి మాల్ పై కప్పు అద్దాల్లోంచి ఆకాశం కనబడుతుంది.

వీసా మళ్ళీ రెండేళ్ళకు కొట్టారు. సంతకం పెట్టమన్న చోట పెట్టాను. లిఫ్టు ఇంకా ఎక్కను. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళొచ్చాను. మందు ఇచ్చాడు, కొన్నాళ్ళు వాడమన్నాడు. రిపోర్టు ఎవరికీ పంపరట. అది కూడా నేను అడిగాకే చెప్పాడు.